అమృతమ్మ లెక్కపెట్టని పిల్లలు

డాక్టరంటే సూది వెయ్యాలి, మందు రాయాలి. కరుణ చాలామందికి ఆ రెండూ చెయ్యదు. తార్నాకలో తన క్లినిక్‌లో కూర్చుని, వచ్చినవాళ్ల చేత తాతల నాటి నుంచి ఇంటివాళ్ల వివరాలు చెప్పించుకుని, కాగితం మీద ఆడవాళ్లకు సున్నా, మగవాళ్లకు చదరం గీస్తుంది. పోయినవాళ్ల మీద అడ్డగీత కొడుతుంది. వంశంలో జబ్బు ఏ దారిన వస్తోందో అందులో వెతుకుతుంది. ఇంత చదివి బొమ్మలు గీయడమేమిటని మాణికేశ్వర్ నగర్‌లో ఉండే తల్లి అమృతమ్మ ఎప్పుడూ దెప్పేది.

కరుణ అక్క కూతురు మనీషాను తమ్ముడు పరుశురాంకు చేసుకోవాలని అనుకున్నాక ఆ దెప్పులు కాస్తా పగయ్యాయి. మేనమామకు పిల్లనివ్వడం వాళ్ల ఆనవాయితీ. అమృతమ్మ కట్టుకున్నదీ మేనమామనే. కరుణ పెళ్లి వద్దనలేదు. ముందు ఇద్దరికీ రక్తపరీక్ష చేయిద్దామంది, అంతే. పరుశురాం ఆమె తెచ్చిన పండ్లు తీసి గుమ్మం బయట పెట్టాడు. అక్క ఫోనెత్తడం మానేసింది. శుభమా అని పెళ్లి పెట్టుకుంటే రోగాల మాటెత్తిందట. తలచుకుంటే ఈ కథ చెబుతున్న నాకే వాళ్ల మీద ఒళ్లు మండుతుంది.

మనీషా మాత్రం మొండికేసింది. పక్కనే ఉన్న యూనివర్సిటీ క్యాంపస్‌లో పీజీ చదివే పిల్ల. పరీక్ష కాకుండా పీటల మీద కూర్చోనంది. దాంతో అమృతమ్మ క్యాంపస్ గుండా నడిచి తార్నాక వచ్చి, రోగులందరి ముందు కూతుర్ని కడిగేసింది.

కరుణ కుర్చీలోంచి లేచింది. తల్లిని లోపలికి తీసుకెళ్లి తలుపు వేసింది. కాగితం తీసి, అందరినీ అడిగేదే అడిగింది.

"నీ కడుపున ఎంతమంది పుట్టిన్రు అమ్మా? పోయినోళ్లను గూడ కలిపి చెప్పు. వాళ్లు ఎట్ల పోయిన్రో తెలిస్తెనే ఏ పరీక్ష చెయ్యాల్నో తెలుస్తది."

ముగ్గురే అని చెప్పుకుంటూ బతికిన మనిషి అమృతమ్మ. పసితనంలో పోయినవాళ్ల ఊసు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. కూతురి చేతిలో పెన్ను వైపు చూస్తూ చెప్పింది.

"ఐదుగురు. నీకంటె ముందు ఇద్దరు మొగపిల్లలు. మెడలు నిలవలే. కాళ్లు చేతులు పేలికల్లెక్క వాలిపోయినయ్. ఏడ్వనీకె సత్తువ లేకుండె."

కరుణ రెండు చదరాలు గీసి, అడ్డగీతలు కొట్టింది. ఏ పరీక్ష చెయ్యాలో ఇప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడగబోయింది గానీ అమృతమ్మ అప్పటికే లేచింది.

"పోరన్ని తోలిస్త, రక్తం తీస్కో," అంది. తర్వాత కాగితం మీదికి వంగింది. "ఇందుల నువ్వేది?"

కరుణ ఒక సున్నాను చూపించింది.

"దాని మీద గూడ గీత కొట్టు," అని అమృతమ్మ తలుపు తీసుకుని వెళ్లిపోయింది.