అరిగే ప్లేటు

ఆదివారం మధ్యాహ్నం మూడయ్యేసరికి క్లిఫ్టన్ బాప్టిస్ట్ పన్నెండో అంతస్తు గదిలో, లైసెన్సు లేని రేడియో మైకు ముందు కూర్చుంటాడు. వారమంతా బ్రిస్టల్ వీధుల్లో బస్సు నడిపిన చేతులను ప్యాంటుకు తుడుచుకుని, పాటల ప్లేట్లను అంచులు మాత్రమే తగిలేలా పట్టుకుంటాడు. అన్నీ ఒకెత్తు, తెల్ల కవరులోది ఒకెత్తు. అది తన కోసమే పాడించి చెక్కించుకున్న మెత్తటి ప్లేటు; ముల్లు కింద తిరిగిన ప్రతిసారీ కాస్త అరుగుతుంది. ఆ పాటలో గుండెలదిరే బేస్ మోత మధ్య అతని భార్య ఇవెట్ సన్నటి గొంతుతో "క్లిఫ్టన్, ఇటు చూడు" అంటుంది. ఆమె పోయి నాలుగేళ్లు. ఏటా ఆమె పుట్టినరోజు వచ్చే వారం ఒక్కసారే వేస్తాడు. ఆ మాటకు అతని తల తలుపు వైపు తిరగని ఏడు లేదు. కాపీ తీసుకోరాదా అని ఎవరైనా అంటే, "ఇలాంటిది లోకంలో ఒక్కటే ఉండాలి, అదే దీని పరువు" అంటాడు.

ఈ ఏడు ఆ గొంతు వినిపించిందో లేదో ఫోన్ మోగింది. ఇవెట్ చెల్లెలు మార్వా. "బావా, మా అక్క! వెనక్కి తిప్పు బావా, మొదట్నుంచి వెయ్యి!" అని ఏడుస్తూ నవ్వుతోంది. వినేవాళ్లు అడిగితే పాటను వెనక్కి తిప్పడం ముప్పయ్యేళ్ల అలవాటు. వద్దనుకునే లోపే అతని చెయ్యి ప్లేటు మీద పడి గిర్రున వెనక్కి లాగేసింది. ముల్లు మెత్తటి గాడిని గీకేస్తూ కీచుమంది. పాట మళ్లీ మొదలైంది. ఆమె పిలిచే చోటు వచ్చింది. వాన చప్పుడులాంటి గరగర తప్ప అక్కడేమీ మిగల్లేదు.

"బావా, అక్క ఏదీ?" అంది మార్వా.

క్లిఫ్టన్ తల అప్పటికే తలుపు వైపు తిరిగి ఉంది.