నేను పోసింది వాసన చూస్తాడా!

మస్కట్‌లో ఒక శుక్రవారం మధ్యాహ్నం నా కడుపు మీద నేనే కొట్టుకున్న కథ ఇది. ఊరికే కొట్టుకోలేదు, ఇంటికొచ్చిన అతిథి చేతిలోని గ్లాసు లాక్కుని మరీ కొట్టుకున్నాను. నవ్వుకోండి, పరవాలేదు. కానీ నా స్థానంలో మీరైతే ఊరుకునేవాళ్లా అన్నది చివర్లో నిజాయితీగా చెప్పాలి.

రెండు వేల ఎనిమిదో తొమ్మిదో. ఒక ఇటలీ వాళ్ల ఇంట్లో పని చేస్తున్నాను. ఆ నెలతో నా వీసా ఆఖరు. కడప దగ్గర మా ఊళ్లో ఇంటి గోడలు లేచాయి గానీ పైన కప్పు లేదు. సారు ఇంకో రెండేళ్లకు సంతకం పెడితేనే కప్పు. మేడం బొంబాయిలో ఉండి వచ్చింది కాబట్టి కాస్త హిందీ మాట్లాడేది. "ఈ రోజు సారు వాళ్ల పెద్ద బాస్ భోజనానికి వస్తున్నాడు. అంతా సాఫీగా జరిగితే నీ సంతకం సంగతి నేను చూసుకుంటా" అంది.

అప్పుడే సారు తల్లి వాళ్ల ఊరినుంచి దిగింది. మేజోళ్లలో చుట్టి రెండు వైన్ సీసాలు పట్టుకొచ్చింది. వాళ్ల ఊళ్లో ఖాళీ సీసాలు చంకన పెట్టుకుని కొట్టుకు వెళ్లి, పీపాలోంచి పట్టించుకుంటారట. కొత్త సీసాకు డబ్బు తగలేయరట. ఆ మాట వినగానే ఆ ముసలావిడ మీద నాకు గౌరవం పుట్టింది.

వంట గోదావరి జిల్లా సత్యవతిది, వడ్డన నాది. "పెద్దమ్మా, కాస్త నోరు అదుపులో పెట్టుకోండి" అని సత్యవతి వంటింటి గుమ్మంలోనే హెచ్చరించింది.

"నా నోటికేమైందే? నువ్వు నీ కూర మాడకుండా సూసుకో!"

వెళ్లాను. మేడం చెప్పినట్టే, ముసలావిడ తెచ్చిన సీసాలోంచి బాస్ గ్లాసులో రెండు గుక్కలంత పోసి ఆగాను.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. గల్ఫుకు రాకముందు నేను పాలు అమ్మినదాన్ని. కొనేవాళ్లు చెంబు వంచి చూసేవాళ్లు, ముక్కు దగ్గర పెట్టుకునేవాళ్లు, ఒక చుక్క నాలుక మీద వేసుకుని చప్పరించేవాళ్లు. నీళ్లు కలిపావే అని నోరు తెరిచి అనకుండా అనడమన్నమాట. కలపనిదానికి ఆ నింద పడితే ఎలా ఉంటుందో మీకు తెలియదు.

ఇప్పుడు ఈ బాస్ ఏం చేశాడు? గ్లాసు వంచాడు. వెలుతురుకు ఎత్తి చూశాడు. గిరగిరా తిప్పాడు. ముక్కు మొత్తం లోపలికి దూర్చాడు, బావిలో పడిన బిందె కోసం వెతికినట్టు. ఒక గుక్క నోట్లో పోసుకుని, పంటి నొప్పికి ఉప్పునీళ్లు పుక్కిలించినట్టు అటూ ఇటూ తిప్పాడు. మింగడే!

నా ఒళ్లు మండిపోయింది.

"క్యా సాబ్? పానీ మిలాయా బోల్తే?" అన్నాను, నీళ్లు కలిపాననా నీ అనుమానం అని.

మేడం గబగబా అందుకుంది. "నహీ నహీ, అది వైన్ రుచి చూసే పద్ధతి..."

"ఏం పద్ధతి మేడం! బిరడా నేనా తీసింది? సారే గదా! నేను నీళ్లు పోసే మనిషినా? సూడు నువ్వే!"

ఎవరు సూడాలో నాకే తెలియదు. బాస్ చేతిలోని గ్లాసు లాగాను, సీసా వంచి నిండా పోశాను, తల వెనక్కి వాల్చి, పెదవికి తగలకుండా పైనుంచి గడగడా గొంతులో పోసుకున్నాను. స్వచ్ఛమని రుజువు చేయడానికి ఇంతకంటే దారి ఉందా?

రుజువు గొంతు దిగింది. ముఖం తనంతట తాను ముడుచుకుపోయింది. నా నోరు నన్ను అడగకుండానే తీర్పు చెప్పేసింది.

"ఖరాబ్! పులిసిపోయింది సాబ్! మత్ పీయో, తాగొద్దు!"

అంతే. నా తరఫున వాదించడానికి వచ్చిన నేనే నా మీద సాక్ష్యం చెప్పేశాను. సారు ముఖం నిప్పుల మీద కాలిన వంకాయలా అయింది. గుమ్మంలో సత్యవతి నెత్తి మీద చేతులు పెట్టుకుంది. "అయ్యబాబోయ్, పెద్దమ్మా, మీ కప్పు లేచిపోయిందండీ!"

"లేవనీలే. గోడలున్నాయి గదా!" అన్నాను. ఆ మాట అనిపించింది కోపమో, ఆ గ్లాసుడు వైనో నేను చెప్పలేను.

అప్పుడు కదిలింది ముసలావిడ. నేరుగా నా దగ్గరికి వచ్చింది. నా చేతిలోని గ్లాసు తీసుకుని సగం వైన్ పోసింది. తర్వాత, మీరు నమ్మరు, బల్ల మీది జగ్గు ఎత్తి మిగతా సగం నీళ్లు నింపేసింది! హాయిగా తాగి ఏదో అంది. బాస్ పొట్ట పట్టుకుని నవ్వాడు. సారు కూడా నవ్వాడు, తప్పక.

"ఏమంటుంది?" అని అడిగాను.

మేడం కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. "వాళ్ల ఊళ్లో ముసలివాళ్లు ఇలాగే తాగుతారట. నీళ్లు కలపకుండా తెచ్చి ఇచ్చిన నీదే తప్పట!"

మూడో రోజు సారు సంతకం పెట్టాడు. పెట్టించింది ఆ ముసలావిడే. తన సీసా పరువు కోసం ఇంతలా పోట్లాడిన మనిషిని పంపితే తనూ విమానం ఎక్కుతానందట.

నాటినుంచి నేటివరకు నాది ఒకటే ఒట్టు. తలమీద చేయి పెట్టుకుని చెబుతున్నాను, ఈ జన్మలో మళ్లీ అతిథి చేతిలోని గ్లాసు లాక్కోను. నేను పోసిందాన్ని నా కళ్ల ముందే వాసన చూశాడా, అప్పుడు గ్లాసు జోలికి పోను. సీసానే ఎత్తి గొంతులో పోసుకుంటాను.