మక్కల చుట్టూ పెట్టిన రాళ్ళు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున జనగామలో మా ఇంటికి ఇద్దరు యువకులు వచ్చారు. ఒంటికి అతుక్కుపోయిన రంగు బనియన్లు, వేళ్ళు బయటికి కనిపించే చేతి తొడుగులు, గేటుకు ఆనించిన గేర్ల సైకిళ్ళు చూడగానే తలుపు వేసేద్దామనుకున్నాను, కానీ మా ఆవిడ అప్పటికే లోపలికి రమ్మని కుర్చీలు వేసింది. వాళ్ళు ఆదివారాలు కలిసి సైకిళ్ళు తొక్కే బృందంవాళ్ళట. పన్నెండేళ్ళ కింద గూడూరు నుంచి కొత్తగూడ పోయే దారిలో సైకిల్ మీది నుంచి పడి చనిపోయిన మా బామ్మర్ది పేరు మీద ఒక రైడ్ పెట్టుకున్నారట. ఆయన పడిన చోట ఒక బోర్డు పాతుతారట. గ్రంథాలయంలో ముప్పై ఏళ్ళు పనిచేసినవాణ్ణి, పైగా ఆ రోజు ఆయనతో ఉన్నవాణ్ణి కాబట్టి, ఆ బోర్డు మీదికి రెండు మాటలు నేను రాసివ్వాలట.

"రోడ్డు మీద రాళ్ళు ఇడిచిపెట్టెటోళ్ళకు జర సిగ్గు రావాలె అంకుల్. గట్ల రాయండి," అన్నాడు వాళ్ళలో పెద్దవాడు.

రాయనన్నాను. మీ బాధ మాకు తెలుసన్నాడు. ముందు ఆ సైకిళ్ళు గేటు మీది నుంచి తియ్యండి, రంగు పోతుందన్నాను. చాయ్ తాగకుండానే పోయారు.

మా ఆవిడ గ్లాసులు తిరిగి లోపలికి తీసుకుపోతూ, "నా తమ్ముని పేరు మీద బోర్డు పెడుతున్నరు. రెండు మాటలు రాస్తె నీ చెయ్యేమన్న అరిగిపోతదా?" అంది.

ఆ పిల్లల మీద నాకు కోపం ఎందుకని ఆమె అనుకుందో తెలియదు. వాళ్ళ బట్టలు నాకు నచ్చవు, ఎన్ని కిలోమీటర్లు తొక్కారో ఫోనులో ఊరందరికీ చూపించుకోవడం నచ్చదు, ఎప్పుడూ చూడని మనిషి పేరు బనియన్ల వీపు మీద వేసుకోవడం అసలే నచ్చదు. ఇవన్నీ నిజమే అయినా, నేను రాయనన్నది వీటి వల్ల కాదు.

మా తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, జీతం వచ్చే మనిషి సైకిల్ ఎక్కితే అడిగినవాళ్ళకల్లా సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చేది. నేనప్పుడు మానుకోటలో పనిచేసేవాణ్ణి. మహబూబాబాద్ అని బోర్డుల మీద ఉన్నా మేమంతా మానుకోట అనే అనేవాళ్ళం. మా బామ్మర్ది భూపాలపల్లిలో బొగ్గు గనిలో దిగేవాడు, నాకంటే పదేళ్ళు చిన్న. వారంలో ఆరు రోజులు భూమి కింద ఉంటాడు కాబట్టి ఏడో రోజు మొహానికి గాలి తగలాలనేవాడు. శనివారం బస్సు మీద సైకిల్ వేయించి, ముందు చక్రం మాత్రం ఊడదీసి ఒళ్ళో పెట్టుకుని వచ్చేవాడు. పైన కట్టిన సైకిల్‌ను ఎవరైనా దించుకుపోయినా చక్రం లేకుండా తొక్కలేరని ఆయన లెక్క. హైదరాబాద్‌లో ఎవరో వాడి అమ్మేసిన గేర్ల సైకిళ్ళు రెండు తెచ్చి, ఒకటి నన్నడగకుండానే నా కోసమని మా వసారాలో పెట్టాడు. నాకప్పటికి నలభై ఎనిమిది. పుస్తకాల ధూళికి రాత్రంతా దగ్గేవాణ్ణి. ఆయన మాట కాదనలేక ఎక్కాను, ఆరు నెలల తర్వాత ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూడడం మొదలుపెట్టాను.

చదును దారి కావాలంటే మరిపెడ వైపు, ఎత్తుపల్లాలు కావాలంటే గూడూరు మీదుగా కొత్తగూడ అడవిలోకి పోయేవాళ్ళం. గూడూరులో ఒక హోటల్ దగ్గర చాయ్ కోసం ఆగేవాళ్ళం. ఆ హోటలాయన మొదటిసారి మమ్మల్ని ఎగాదిగా చూసి, ఏ పని మీద పోతున్నారని అడిగాడు. ఊరికెనే అన్నాన్నేను.

"ఊరికెనే కొత్తగూడ దాక తొక్కుతరా? బండి చెడిపోయిందా, ఇంట్ల కొట్లాడిన్రా?"

"మా అక్క ఇంట్ల ఉండనిస్తలేదన్నా. బావ పాపం ఏడికి పోతడు, నేనే తోల్కపోతున్న," అన్నాడు మా బామ్మర్ది.

బావ బామ్మర్దుల మధ్య అటువంటి మాటలకు లెక్క లేదు. నేనూ అనేవాణ్ణి, గనిలో దిగి దిగి నీకు వెలుతురులో మనుషులు కనబడరని. ఆయన నవ్వేవాడు.

ఆయనకొక కోరిక ఉండేది. హైదరాబాద్‌లో రెండు వందల కిలోమీటర్లు పదమూడున్నర గంటలలోపు తొక్కినవాళ్ళకు చిన్న పతకం ఇచ్చేవాళ్ళు. మనిద్దరం కలిసి తొక్కి, కలిసి పతకాలు తెచ్చుకోవాలని ఏడాదిపాటు అన్నాడు. దాని కోసమే సాధన చేశాం. అందులో ముఖ్యమైనది ఒకరి వెనక ఒకరు తొక్కడం. ముందువాడు గాలిని చీల్చుకుని పోతాడు, వెనకవాడు జానెడు దూరంలో ఆ చాటున పోతాడు, కొంతసేపటికి మారతారు. వెనకవాడికి ముందువాడి వీపు తప్ప రోడ్డు కనబడదు. అందుకని గుంత వచ్చినా రాయి వచ్చినా ముందువాడు ఎడమ చెయ్యి నడుము వెనక్కి తెచ్చి వేలితో కిందికి చూపాలి. ఇది ఆయనే నాకు నేర్పాడు. మొదట్లో చెయ్యి వదిలితే పడిపోతానని భయపడేవాణ్ణి. ఖాళీ రోడ్డు మీద పది సార్లు, ఇరవై సార్లు, లేని గుంతలను చూపించేలా చేశాడు.

మా వైపు రోడ్ల మీద రాళ్ళకు కొదవ ఉండదు. పంట ఇంటికి రాగానే ఆరబెట్టుకోవడానికి చోటు లేక వడ్లో మక్కజొన్నలో సగం రోడ్డు మీద పోస్తారు, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్ళు పేరుస్తారు. వాన మబ్బు కనబడితే ఇల్లంతా ఉరికి వచ్చి గింజలు ఎత్తుతారు. రాళ్ళు ఎక్కడివక్కడే ఉంటాయి, మరునాడు మళ్ళీ కావాలి కదా. దాని మీద నాకు అప్పుడూ కోపం ఉండేది, ఇప్పుడూ ఉంది.

ఆ ఆదివారం గూడూరులో చాయ్ తాగుతున్నప్పుడు, హోటలాయన ముందే మా బామ్మర్ది, వచ్చే నెల హైదరాబాద్ పోవడానికి భూపాలపల్లి గనిలో తనతో పనిచేసే ఇద్దరు తయారయ్యారని చెప్పాడు. మరి మనమో అన్నాను.

"నువ్వు వద్దు బావా. నీతోటి పోతె నాకు టైం దొరకది. నువ్వు లైబ్రరీల కూసొని మా పేరు పేపర్ల వచ్చిందేమో చూడు."

హోటలాయన నవ్వాడు. ఎప్పటి మాటలాంటి మాటే అది. కానీ ఏడాదిగా నేను తొక్కింది ఆ ఒక్క రోజు కోసం. గ్లాసు పెట్టేసి సైకిలెక్కాను, ముందు నేనే ఉంటానన్నాను, ఉన్న బలమంతా పెట్టి తొక్కాను. వంతు మారదామని వెనక నుంచి రెండుసార్లు అన్నాడు. మారలేదు. ఆయాసంతో వస్తున్న ఆయన ఊపిరి నాకు వినబడుతోంది, అది వినబడడం నాకు బాగుంది.

ఒక లంబాడీ తండా దగ్గర మలుపు తిరిగాక ఎడమ పక్కన రాళ్ళు కనబడ్డాయి. ముందు రోజు సాయంత్రం మబ్బుకు భయపడి మక్కలు ఎత్తుకుపోయిన చోటు అది. వరుస మొదట్లో రోడ్డుకు అడ్డంగా నాలుగు రాళ్ళు. పలచగా మంచుంది, అయినా స్పష్టంగానే చూశాను. నేను కుడికి తప్పుకున్నాను. ఎడమ చెయ్యి హ్యాండిల్ మీదనే ఉంచాను. మరిచిపోలేదు. నువ్వే చూసుకో అనుకున్నాను, సరిగ్గా ఆ మాటలే.

శబ్దం విని ఆగాను. హెల్మెట్ ఉంది కానీ మెడ మీద పడ్డాడు. తండావాళ్ళు మంచం తెచ్చారు, ట్రాలీ ఆటో తెచ్చారు. గూడూరు దవాఖానలో వరంగల్ తీసుకుపొమ్మన్నారు, తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు.

తర్వాత అందరూ ఒకటే అడిగారు, రాళ్ళు కనబడలేదా అని. మంచులో కనబడలేదని చెప్పాను. పోలీసులకు అదే చెప్పాను, కోర్టులో అదే చెప్పాను, మా ఆవిడకు అదే చెప్పాను. మక్కలు ఆరబోసిన ముసలాయన మీద కేసు అయింది. మా వాళ్ళు తండాకు పోయి ఆయనను నానా మాటలూ అన్నారు; ఆయన ఇంటి ముందు చేతులు జోడించుకుని నిలబడితే, నేను రోడ్డు మీదనే ఉండి చూశాను. నాలుగేళ్ళు ఆయన మానుకోట కోర్టుకు తిరిగాడు. గ్రంథాలయం కిటికీలో నుంచి కోర్టు దారి కనబడేది. తెల్ల తలపాగా చుట్టుకుని పోతుంటే చూసి, నా కుర్చీ రెండో వైపుకు మార్చుకున్నాను. చివరికి కేసు కొట్టేశారు. అప్పటికి నేను జనగామకు బదిలీ చేయించుకున్నాను.

ఆ పిల్లలు వచ్చిపోయిన నాలుగో రోజు మా ఆవిడ కాగితం, కలం తెచ్చి నా ముందు పెట్టింది. రాళ్ళు వదిలినవాళ్ళను వదిలిపెట్టొద్దు, గట్టిగా రాయమంది. పన్నెండేళ్ళు నోటితో చెప్పిన అబద్ధాన్ని ఇప్పుడు ఇనుప రేకు మీద రంగుతో, ఆ ముసలాయన ఇంటి ముందే రాయాలి. కలం పక్కన పెట్టి ఆమెకు జరిగింది చెప్పాను.

ఆమె ఏడవలేదు. కాగితం, కలం తిరిగి తీసుకుని, "గా ముసలాయన ఉన్నడా?" అంది.

తెలియదన్నాను.

"గిన్నేండ్లు ఆయన మీద పెట్టి, ఉన్నడో లేడో గూడ తెల్వదా నీకు?"

మరునాడు రైలులో మానుకోట, అక్కడి నుంచి బస్సులో గూడూరు, గూడూరు నుంచి ఆటోలో తండా. తండా ముందు రోడ్డు మీద మక్కలు ఆరబోసి ఉన్నాయి. చుట్టూ రాళ్ళు లేవు. ఎరువుల సంచుల్లో ఇసుక నింపి, మూతి కట్టి, వరుసగా పెట్టారు. అంతకుముందు దారిలో ప్రతి ఊరి దగ్గరా రాళ్ళే చూశాను.

ముసలాయన చెట్టు నీడన నులక మంచం మీద ఉన్నాడు. చూపు తగ్గింది. నేనెవరో చెప్పగానే లేవబోయాడు. ఆయన కోడలు మంచినీళ్ళు తెచ్చింది. సంచుల సంగతి మా ఆవిడ అడిగితే ఆమే చెప్పింది.

"మా మామ రాళ్ళు పెట్టనియ్యడమ్మా. ఎవలన్న పెడితె కట్టె వట్టుకొని వస్తడు. తండంత తిట్టుకుంటది, ఇసుక మొయ్యలేక."

మా ఆవిడ నా వైపు చూసి, "చెప్పు," అంది.

చెప్పాను. రాళ్ళు నాకు కనబడ్డాయని, చెయ్యి చూపాలని, కోపంతో చూపలేదని, కోర్టులో అబద్ధం చెప్పానని. ముసలాయన తల వంచుకుని విన్నాడు. కోడలు మాత్రం చేతిలో ఉన్న చెంబు కింద పెట్టి, తమ భాషలో ఆయనతో గట్టిగా ఏదో అంది. నాకు అర్థం కాలేదు, అర్థం కావాల్సిన పని కూడా లేదు. ఆయన ఆమెను చేత్తో ఆపాడు.

"నువ్వు చెయ్యి చూపకపోతివి, నిజమే సారూ. రాళ్ళయితె నేనే పెట్టిన గద," అన్నాడు.

మీ తప్పు కాదని అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఇంకోసారి అన్నాను.

"గిప్పుడొచ్చి నాది కాదంటె ఎట్ల? పన్నెండేండ్లు మోసిన. నీది నువ్వు మోసుకో," అని మొహం చెట్టు వైపు తిప్పుకుని పడుకున్నాడు.

ఆటో వచ్చేదాకా రోడ్డు మీద నిలబడ్డాం. కోడలు మళ్ళీ మా దగ్గరికి రాలేదు.

బోర్డు మీదికి మాటలు పంపాను. ఈ చోట ముందున్నవాడు రాళ్ళను చూశాడు, వెనకున్నవాడికి చెయ్యి చూపలేదు అని రాశాను. ఆ పిల్లవాడు ఫోను చేసి, ఇట్ల రాస్తే ఎవరికి అర్థమైతది అంకుల్, రాళ్ళు పెట్టినోళ్ళను ఏమనలేదు గదా అన్నాడు. ముందున్నవాణ్ణి నేనేనని చెప్పాను. ఫోను పెట్టేశాడు. రైడ్ జరిగిందో లేదో తెలియదు, బోర్డు పాతారో లేదో కూడా తెలియదు.

ఇప్పుడు ఆ దారి వెడల్పయింది. గూడూరు హోటల్ ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. గేర్ల సైకిళ్ళ మీద వరుసగా పోయేవాళ్ళను ఆపి, ఏ పని మీద పోతున్నారని అడిగేవాళ్ళు లేరు. ఊరికెనే తొక్కడం ఎవరికీ వింత కాదు. వెనక నుంచి బండి వస్తే చెప్పే యంత్రాలు సీటు కింద పెట్టుకుంటున్నారట. ముందున్న రాయిని చెప్పే యంత్రం వచ్చిందో లేదో నేనెవరినీ అడగలేదు. మానుకోట నుంచి తెచ్చుకున్న నా సైకిల్ ఈ ఇంటి వసారాలోనూ అట్లాగే ఉంది, టైర్లు పగిలిపోయాయి.

మేమిద్దరం పొద్దున స్టేషన్ రోడ్డు దాకా నడకకు పోతాం. అది మా పాత అలవాటు, ఇప్పటికీ మానలేదు. ఇదివరకు పక్కపక్కన నడిచేవాళ్ళం. ఇప్పుడు ఆమె నాలుగడుగులు వెనక వస్తుంది. నిన్న మురికి కాలువ మీది బండ ఒకటి విరిగి ఉంది. నేను దాటి, అనుకోకుండానే ఎడమ చెయ్యి నడుము వెనక్కి తెచ్చి కిందికి చూపాను.

"నాకు కండ్లున్నయి," అంది వెనక నుంచి.