ఆవిరమ్మ వదులుకున్న గది

ఆవిడకి అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది. కానీ ఎత్తు వీధి చివర లాండ్రీ నడిపే ఆవిణ్ణి ఊరంతా ఆవిరమ్మ అనే పిలుస్తుంది. పెళ్ళై ఆ ఇంటికి వచ్చిన కొత్తలో దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద రోలరు దగ్గర నిలబడేది. గుమ్మంలోకి ఎవరొచ్చినా ముందు తెల్లటి ఆవిరి కనిపించేది, తరవాత అందులోంచి "ఎన్ని జతలు?" అనే గొంతు వినిపించేది, ఆ తరవాతే చెమటలు కారే మొహం. పేరు అలా పడింది. ఫోన్లో ఎవరైనా అసలు పేరు పెట్టి అడిగితే "ఎవరూ?" అని ఆవిడే ఎదురడుగుతుంది.

లాండ్రీ పెట్టింది అత్తగారు. రెండు మెషీన్లు, ఒక నీళ్ళ తొట్టి, బోలెడంత నోరు, ఇదీ ఆవిడ పెట్టుబడి. కొడుకు వ్యాన్ నడుపుతాడు, కోడలు మిగతావన్నీ నడుపుతుంది. పెద్ద హోటలు దుప్పట్లు, తువ్వాళ్ళు వాళ్ళ చేతికి వచ్చిన ఏడాది ఆవిరమ్మ భర్తని పోరి పోరి తనకంటూ ఒక గది కట్టించుకుంది. మెషీన్ల పక్కనే, అద్దాల తలుపుతో. ఒక బల్ల, ఒక ఫ్యాను, ఒక మెత్తటి కుర్చీ. మొదటి రోజు ఆ కుర్చీలో కూర్చుని తలుపు వేసుకుంటే మెషీన్ల రొద సగానికి సగం తగ్గిపోయింది. పదిహేనేళ్ళు కాళ్ళ మీద నిలబడ్డందుకు ఆ సగం నిశ్శబ్దం తన సొంత సంపాదన అనుకుంది.

ఒకరోజు పొద్దున్నే వీధి దిగువన మొక్కలు పెంచి అమ్మే ఆయన వచ్చాడు. చేతిలో కుండీ. దాన్ని తెచ్చి ఆవిరమ్మ బల్ల మీద పెట్టాడు. ఆకుల అంచులన్నీ నిప్పుతో కాల్చినట్టు మాడి ఉన్నాయి.

"నేను గొడవకి రాలేదమ్మా. ఒక్కసారి నాతో వచ్చి చూడండి, చాలు."

గొడవకే వచ్చి ఉంటే ఆవిరమ్మకి తేలిక. ఆ విద్యలో ఆవిణ్ణి మించినవాళ్ళు ఆ వీధిలో లేరు, ఒక్క అత్తగారు తప్ప. గొడవ పడని మనిషిని ఏం చెయ్యాలో తోచక చెప్పులేసుకుని వెంట నడిచింది. ఇన్నేళ్ళలో తన నీళ్ళు ఎటు పోతాయో ఎన్నడూ చూడలేదు. గోడ దాటాక కాలువ, కాలువతో పాటు వీధి వంపు, వంపు చివర ఆయన తోట. అక్కడ కాలువ పొంగి మొక్కల వరసల్లోకి ఇంకుతోంది. తోట మొదట్లో మోకాళ్ళ ఎత్తున నురగ, గాలికి ఊగుతూ. ఆ వాసన ఆవిడకి కొత్త కాదు. తన చేతుల వాసనే అది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మీకు హోటలు పని వచ్చిన దగ్గర్నుంచి."

"అప్పుడే చెప్పొచ్చుగా!"

"మీ దగ్గర ఏడుగురు ఆడవాళ్ళు పని చేసుకుని బతుకుతున్నారు కదమ్మా. ఏమని చెప్పను?"

అంతటి నోరున్న ఆవిరమ్మా తల వంచుకుని మెట్ట ఎక్కింది.

ఇంట్లో చెబితే భర్త నవ్వేశాడు. "ఏ లాండ్రీ నీళ్ళు పన్నీరులా పోతాయే?"

అత్తగారు అసలు నమ్మలేదు. "నురగ రాకపోతే అది ఉతికినట్టా, తడిపినట్టా?"

ఎవరి మాటా వినకుండా ఆవిరమ్మ నురగ తక్కువ వచ్చే సబ్బు పొడి బస్తాల కొద్దీ తెప్పించింది. ఎలా వాడాలో సరిగ్గా కనుక్కోకుండా పాత కొలతతోనే వేయించింది. దుప్పట్లు బూడిదరంగుకి తిరిగాయి. హోటలు వాళ్ళు వ్యాను వ్యానంతా వెనక్కి పంపారు. అక్కడ గదులన్నీ చూసుకునే పెద్దావిడ ఫోన్ చేసి, "ఇవి దుప్పట్లా, వాన మబ్బులా?" అని పెట్టేసింది. మళ్ళీ ఉతికిన ఖర్చంతా వీళ్ళదే. ఆ వారం సంపాదన నిజంగానే నీళ్ళపాలైంది.

"మనం పెట్టింది లాండ్రీనా, ధర్మసత్రమా?" అన్నాడు భర్త. ఈసారి నవ్వలేదు.

"మూసేస్తే ఆయన మొక్కలు బతుకుతాయి, ఇక్కడ ఏడిళ్ళ పొయ్యిలు ఆరిపోతాయి. ఇలాగే నడిపితే పొయ్యిలు వెలుగుతాయి, ఆయన తోట చస్తుంది. రెండూ కాని దారి ఒకటి ఉండాలండీ."

"ఉంటే అదే నీకు ఫోన్ చేస్తుందిలే."

దారి ఫోన్ చెయ్యలేదు గానీ, బాయిలర్ బాగుచెయ్యడానికి మెకానిక్ వచ్చాడు. ఆవిరమ్మ అతన్ని పట్టుకుని కూర్చోబెట్టి, తన తిప్పలన్నీ ఏకరువు పెట్టింది. అతను ఒక పూటంతా మెషీన్ల చుట్టూ తిరిగి చూశాడు. "అక్కా, సబ్బు చేటెడు పోసి, దాన్ని వదిలించడానికి చెరువంత నీళ్ళు వాడుతున్నారు. బట్టలు తూకం వేసి, తూకాన్ని బట్టి సబ్బు వెయ్యండి. వేడి కాస్త పెంచండి. చివర జాడించిన నీళ్ళు దాదాపు శుభ్రంగానే ఉంటాయి, పారబొయ్యకండి. తొట్టిలో పట్టి, తరవాతి బట్టలకి మొదటి నీళ్ళుగా వాడండి. బయటికి పోయే కాసిని నీళ్ళనీ ఇసుక, బొగ్గు పరిచిన తొట్టిలోంచి వదలండి" అన్నాడు.

లెక్క చూస్తే నీళ్ళ ఖర్చు, సబ్బు ఖర్చు బాగా తగ్గుతాయి. తొట్లకీ గొట్టాలకీ బ్యాంకులో అప్పు చెయ్యాలి. వ్యాన్ తలుపు తాడుతో కట్టుకుని తిరుగుతున్న భర్త కొత్త వ్యాన్ కోసం ఎప్పటినుంచో ఎదురుచూస్తున్నాడు. రెండు రోజులు పాత వ్యాన్ చుట్టూ తిరిగి, మూడో రోజు దుకాణంనుంచి ఇంకా గట్టి తాడు కొనుక్కొచ్చాడు. ఒప్పుకున్నట్టే.

మిగిలింది చోటు. వెనక ఒక గది ఉంది. ఆడవాళ్ళు మధ్యాహ్నం అన్నం తినేదీ, కాసేపు నడుం వాల్చేదీ అందులోనే. ఆవిరమ్మ సుద్దముక్కతో నేల మీద తొట్లకి గీతలు గీసేసింది. ఎవర్నీ అడగలేదు. మంచి పనికి అనుమతి ఎందుకనుకుంది.

మర్నాడు మధ్యాహ్నం అద్దాల తలుపులోంచి చూస్తే ఏడుగురూ బయట వీధి మెట్ల మీద వరసగా కూర్చుని, ఒళ్ళో డబ్బాలు పెట్టుకుని, మిట్ట ఎండలో తింటున్నారు. వచ్చేపోయేవాళ్ళు ఆగి మరీ చూస్తున్నారు.

ఆవిరమ్మ విసురుగా బయటికొచ్చింది. "ఏంటీ నాటకం?"

అందరిలోకీ పెద్దది, మడతల పిన్ని అంటారు, ముద్ద మింగి నింపాదిగా అంది. "నాటకమేముందమ్మా. లోపల గీతలు గీశారు, బయట కూర్చున్నాం."

"ఆ నీళ్ళు బాగుచేస్తున్నది ఎవరి కోసం? మన లాండ్రీ నాలుగు కాలాలు నిలబడాలని కాదూ?"

"కాదనలేదు. మొక్కలాయన వచ్చి చెబితే మొక్కల బాధ మీకు తెలిసింది. మా కాళ్ళు వచ్చి చెప్పలేవు కదమ్మా. పొద్దున్నుంచీ నిలబడ్డ కాళ్ళని ఒక్క అరగంట చాపుకునే చోటు అది. అడిగితే ఏదో ఒకటి చెప్పేవాళ్ళం. అడగలేదుగా."

ఆవిరమ్మకి కోపం అరికాలి నుంచి నెత్తికెక్కింది. తలుపు ధడాలున వేసుకుని తన కుర్చీలో కూలబడింది. రొద సగం తగ్గింది. తను రోలరు దగ్గర నిలబడ్డ రోజుల్లో మధ్యాహ్నానికల్లా పిక్కలు రాయిలా బిగుసుకునేవి. అప్పుడు ఆ వెనక గది కూడా లేదు, సబ్బు బస్తాల మీద పడుకునేది. గది వేయించమని అత్తగారితో దెబ్బలాడింది కూడా తనే. ఆ సంగతి ఈ మెత్తటి కుర్చీలో కూర్చున్నాక ఎలా మరిచిపోయిందో!

చాలాసేపటికి లేచి తన గది పొడవూ వెడల్పూ కొలిచింది. మెషీన్ల పక్కనే ఉంది కాబట్టి గొట్టాలు కూడా తక్కువ పడతాయి. ఇది మొదటే తట్టకపోవడం తట్టకనా, తట్టనివ్వకనా అని తనని తానే అడుక్కుంది.

"నీ గదా! నా ప్రాణం తీసి కట్టించుకున్నావు కదే!" అన్నాడు భర్త.

"ఊరుకోండి, నేనేం సంతోషంగా ఇస్తున్నానా?" అంది. మొహం కడుక్కునే మిషతో కుళాయి దగ్గర కాసేపు నిలబడింది. వచ్చేటప్పటికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం మామూలుగానే ఉంది. "పిన్నీ! లోపలికొచ్చి తినండి. గీతలు తుడిచేశాను."

ఆ సాయంత్రమే అందర్నీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. వాయిదాలు తీరేదాకా జీతాలు పెంచడం కుదరదు, కానీ ఒక్కర్ని కూడా మానిపించదు. తీరాక మిగిలినదాంట్లో వాళ్ళకీ వాటా. "అందరి ముందూ ఇంకోసారి అనండి," అంది మడతల పిన్ని. ఆవిరమ్మ పళ్ళు నూరుకుంటూ ఇంకోసారి అంది.

తొట్లు గదిలో దిగాయి. తలుపు తీసెయ్యకుండా అలాగే ఉంచింది, అద్దంలోంచి నీళ్ళు కనిపిస్తాయని. తన బల్ల రోలరు పక్కకి చేరింది. మొదట్లో తూకాలు తప్పాయి, ఒకసారి ఇసుక గొట్టాల్లోకొచ్చి మెకానిక్‌కి తల ప్రాణం తోకకొచ్చింది. సర్దుకున్నాక హోటలు పెద్దావిడ స్వయంగా చూడ్డానికొచ్చింది. దుప్పటి ఒకటి వెలుతురుకి పట్టి, అంచులు లాగి చూసి, "ఇదివరకు తొందరగా చిరిగేవి. ఇప్పుడు నేత గట్టిగా ఉందే!" అంది. తక్కువ సబ్బుకి గుడ్డ మన్నిక పెరిగింది మరి. పోతూ పోతూ తమ రెండో హోటలు బట్టలు కూడా పంపిస్తానంది. ఆవిరమ్మ పైకి "సరే చూద్దాం" అంది గానీ, ఆవిడ కారెక్కగానే భర్త వీపు మీద ఒక్క చరుపు చరిచింది.

వాయిదాలు అనుకున్నదానికంటే ముందే తీరాయి. చెప్పిన వాటా చెప్పినట్టే ఇచ్చింది. దిగువన తోట మొదట్లో నురగ కూడా మోకాళ్ళ నుంచి మడమలకి దిగింది.

ఈమధ్య అదే వీధిలో నడుమ ఉండే ఇంకో లాండ్రీ ఆయన వచ్చి, తొట్లు చూడొచ్చా అని నసుగుతూ అడిగాడు. భర్త కళ్ళతో వద్దని సైగ చేశాడు. ఆవిరమ్మ చూడనట్టే ఆయన్ని లోపలికి తీసుకెళ్ళి, గొట్టం గొట్టం చూపించింది. దుప్పట్లు బూడిదరంగు చేసిన సంగతీ దాచలేదు.

"మన పోటీవాడికి గుట్టంతా చెప్పేశావేమే!" అన్నాడు భర్త ఆయన వెళ్ళాక.

"ఆయన నీళ్ళు కూడా ఆ తోట దగ్గరికే కదండీ పోయేది. మనం ఒక్కళ్ళం ఆపితే ఏం లాభం?" అంది. తరవాత కొంగుతో మొహం తుడుచుకుంటూ, దాచుకోలేని గర్వంతో అంది. "అయినా మొత్తం చూపించినా నేర్చుకోవడానికి ఆయనకి ఏడాది పడుతుంది. నాకు రెండేళ్ళు పట్టింది మరి!"

బయట వ్యాన్ హారన్ మోగింది. కొత్త హోటలు మొదటి మూటలు. "తూకం, తూకం!" అని అరుస్తూ ఆవిరమ్మ ఆవిరిలోకి నడిచింది.