చుక్క కొంచెం, మోత ఘనం

ఒక్క దెబ్బకు ఒక మోటరును, ఒక పెండ్లిచూపును, రామన్నపేట బజారును ఆగం పట్టించిన ఘనత ఈ భూమ్మీద నాకొక్కదానికే దక్కింది. నమ్మనివాళ్లు చదవండి. నమ్మినవాళ్లు మరింత శ్రద్ధగా చదవండి, మీ ఇంట్లోనూ నాలాంటి చదువుకున్న పిల్ల ఉండవచ్చు.

పోలీస్ యాక్షన్ అయిన కొత్తలు. అంతకుముందు, ఎవరొచ్చి కారు పట్టుకుపోతారోనన్న భయంతో వకీలైన మా బాపు దాని ఇంజను మొత్తం విప్పేసి, సామానంతా గడ్డివాములో, గేర్లు జొన్నల గుమ్మిలో దాచాడు. ఊరు కుదుటపడ్డాక మళ్లీ బిగించడం మొదలుపెట్టాడు. విప్పడమంటే తాటిచెట్టు దిగడం, బిగించడమంటే తలకిందులుగా ఎక్కడం!

పట్నంలో నా కాలేజీ తెరిచారు. పోవడానికి బస్సుల్లేవు. పైగా దసరా మరునాడు తిరుమలగిరి సంబంధంవాళ్లను రమ్మన్నాడు బాపు. నేను వాదనకు దిగాను. వకీలు బిడ్డను, ఊరుకుంటానా?

"సరే బిడ్డా," అన్నాడు విసిగి. "వాళ్లు గడపల కాలు పెట్టకముందే మన మోటరు సప్పుడు చేసిందనుకో, అండ్లనే నిన్ను కాలేజీకి తీస్కపోత. లేకుంటే నోరు మూస్కొని పీట మీద కూసోవాలె."

"మాట మీద ఉంటవా?"

"వకీలు మాట."

"అందుకే అడుగుతున్న!"

పండుగనాడు నాగలికి, రోలుకు, కత్తిపీటకు బొట్లు పెట్టి, బాపును కన్న మా అవ్వ కుంకుమ భరిణెతో ఇంజను సామాను దగ్గరికి వచ్చింది. నేను అడ్డం నిలబడ్డాను.

"అవ్వా, గిది విలాయతి ఇనుము. బొట్టుతోని నడవది, లెక్కతోని నడుస్తది."

"నీ లెక్క గంగల కలువ! పండుగపూట ఇనుమును బోసిమొకంతోని ఉంచుతరా?"

గొణుక్కుంటూ వెళ్లిపోయింది. మా అవ్వ ఓడిపోయినట్టు కనబడితేనే భయపడాలని అప్పటికి నాకు తెలియదు.

తెల్లారి బాపు నడుము పట్టేసింది. "టైమింగ్ గేర్లు నువ్వే పెట్టు బిడ్డా. పెద్దదాని గుర్తు, చిన్నదాని గుర్తు ఎదురెదురు రావాలె. పన్ను తప్పితే పని తప్పుతది." నిజమే. అవి కుదరకపోతే ఇంజనులో పెట్రోలు పోయే తలుపులు వేళకు తెరుచుకోవు, విస్తరి వేయకముందే తాంబూలం ఇచ్చినట్టు ఉంటుంది.

గేర్లు చూద్దును కదా, రెండింటి మీదా ఎర్రటి చుక్కలు! కంపెనీవాళ్ల ముందుచూపే ముందుచూపు, గుర్తుకు రంగు కూడా పూశారనుకున్నాను.

"బాపూ, చుక్కకు చుక్క కలిసింది!"

"సక్కగ సూసినవా?"

"ఇంటర్ సదువుతున్న, చుక్క కనబడదా?"

మూత బిగించాం. అంతలో వీధి మలుపులో ఎడ్ల గజ్జెలు వినబడ్డాయి, తిరుమలగిరి బండి! బాపు నడుం సంగతి మరిచి హ్యాండిల్ తిప్పాడు.

ఢాం!

వేళ తప్పిన పెట్రోలు తుపాకీలా పేలింది! ఇంకోసారి తిప్పాడు. ఢాం, ఢాం! బజారులో దుకాణాల తలుపులు టపటపా మూసుకున్నాయి. "తుపాకులోళ్లు మళ్ల మోపైండ్రురో!" అంటూ అవ్వ మంచం కిందికి దూరింది. బండి గిర్రున తిరిగింది.

"ఆపురా!" అని లోపలి పెద్దమనిషి కేక.

"నేను ఆపినా ఎడ్లు ఆగాలె గద పటేలా!" అని బండివాడి కేక.

పెండ్లికొడుకు మొహం ఈనాటికీ చూడలేదు. వాకిట్లో ఊడిపడ్డ తలపాగా మాత్రం చూశాను. తలపాగా బాగానే ఉంది.

బాపు మూత విప్పి, ఎర్రచుక్కను బొటనవేలితో తుడిచి వాసన చూశాడు. "కుంకుమ!"

మంచం కిందినుంచి జవాబు వచ్చింది. "నేనే పెట్టిన. ఈ పిల్ల అటు మల్లంగనే పెట్టిన. ఒక్కోదానికి ఒక్కటే!"

అసలు గుర్తు ఎక్కడో అవతల, మడ్డి కింద, సూది మొనంత గుంట.

"సంబంధం పాయె, ఇజ్జత్ పాయె," అని బాపు తల పట్టుకున్నాడు. "ఇగ నీ కాలేజీ గూడ పాయె."

"ఎట్ల పోతది? వాళ్లు గడపల కాలు పెట్టకముందు మోటరు సప్పుడు చెయ్యాలంటివి. చేసిందా, లేదా? సాక్షులు కావాల్నా? బజార్ల బల్లల కింద పండుకున్నరు, లేపుకొస్త."

బాపు నా వంక చూసీ చూసీ, నడుము పట్టుకుని మరీ నవ్వాడు. "నువ్వు కాలేజీకి గాదే, సీదా కోర్టుకే పోవాల్సినదానివి!"

అసలు గుర్తులు కలిపాక మోటరు పిల్లిలా గురగురలాడుతూ నన్ను పట్నం చేర్చింది. బయల్దేరే ముందు అవ్వ దానికో బొట్టు, నాకో బొట్టు పెట్టింది. ఈసారి నేను వాదించలేదు.

కాబట్టి గ్రీజు డబ్బా మీద చెయ్యివేసి, సూర్యచంద్రుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ గేరునూ ముందు దాని మొహం కడగనిదే బిగించను. ఇంట్లో మా అవ్వలాంటి అవ్వ ఉంటే, కడిగి, బిగించేదాకా ఆ గేరును కొంగులో దాచుకుంటాను.