రెండోసారి నడిపారా?

వంటింట్లో నీళ్ళ ఫిల్టరు నిండగానే లోపలి వాల్వు టక్‌మని మూసుకుంటుంది. ఆ చప్పుడు వింటే నాకు సరళగారు గుర్తొస్తారు. ఆవిడకు జరిగింది తలుచుకుని వెంటనే ఒళ్ళు మండుతుంది. ఇన్నేళ్ళయినా ఆ మంట చల్లారలేదు, చల్లారాలని నాకూ లేదు.

చమురు ధర ఆకాశాన్నంటిన రోజుల్లో దోహాలోని ఒక కాంట్రాక్టు కంపెనీలో ఆవిడ నా పై అధికారి. కాకినాడ మనిషి. కంపైలర్లను పరీక్షించే ఒక టూల్ మా చేతిలో ఉండేది. మనం రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. అదే తప్పుగా మారిస్తే మనం ఎంత బాగా రాసినా వృథా. మా టూల్ తనంతట తానే చిన్న చిన్న ప్రోగ్రాములు అల్లి, రెండు కంపైలర్లకు ఇచ్చి, జవాబులు పోల్చేది. తేడా వచ్చిందంటే రెండింట్లో ఏదో ఒకటి తప్పుతున్నట్టే. అప్పటిదాకా అది సీ అనే ప్రోగ్రామింగ్ భాషకే పనికొచ్చేది. దుఖాన్ చమురు బావుల దగ్గర వాల్వులను నడిపే భాషకూ దాన్ని విస్తరించమన్నారు.

విస్తరించాం. అన్నీ పాస్. మేనేజరు కేకు తెప్పించాడు, క్లయింటుకు రిపోర్టు కూడా పంపేశాడు. సరళగారు కేకు ముట్టలేదు.

"ఒక్క తేడా కూడా రాలేదంటే నాకు నమ్మకం కుదరట్లేదు. ఒక్కో ప్రోగ్రామును ఎన్నిసార్లు నడుపుతున్నారు?"

"ఒక్కసారేనండి, సీలో లాగే," అన్నాను.

"వాల్వు ప్రోగ్రాము ఒకసారి నడిచి ఊరుకోదు కదయ్యా. పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటుంది. పోయినసారి విలువ గుర్తుపెట్టుకోవాలి. అది మనమెక్కడ చూశాం?"

అదే ప్రోగ్రాములను వరసగా రెండుసార్లు నడిపించారు. రెండోసారికి జవాబులు విడిపోయాయి. పని తగ్గించుకునే ఆత్రంలో, బావుల దగ్గర వాడబోయే కంపైలరే పాత విలువను చెరిపేస్తోంది. మేనేజరుకు చెవులారా వింటే తప్ప ఎక్కదని, దుఖాన్‌లో పనిచేసే జగిత్యాల రాజన్న చేత ఒక చిన్న వాల్వు తెప్పించి యంత్రానికి తగిలించారు. మొదటిసారి టక్‌మంది. రెండోసారి ఏ చప్పుడూ లేదు.

మేనేజరు మన హైదరాబాదు మనిషే. నాకు అదింకా కడుపుమంట. "రిపోర్టు పోయింది మేడమ్, ఖలాస్. ఇప్పుడు కొత్త టెస్ట్ ఎవరు పెట్టమన్నరు? కంపైలర్ బాగుందన్న ఆఖరి కాగితం మీద సంతకం పెట్టండి, యల్లా, జల్ది."

ఆవిడ రాజన్న వైపు తిరిగారు. "రాజన్నా, ఇది మూసుకోకపోతే మీరేం చేస్తారు?" అని అడిగారు.

"ఏం జేస్తం మేడమ్, ఉరుకుడే. గ్యాస్ ముంగట మనిషి నిలుస్తడా?"

"విన్నారుగా. నేను సంతకం పెట్టను."

కంపెనీ ఆవిడ కాంట్రాక్టును పొడిగించలేదు. టీమ్‌తో కలవరట, అదీ కారణం. వీసా కంపెనీ చేతిలో ఉన్నప్పుడు ఎవరితో పోట్లాడాలి? ఎయిర్‌పోర్టులో ఆవిడను సాగనంపుతూ ఉండబట్టలేక అడిగాను. "సంతకం పెట్టుంటే ఇక్కడే ఉండేవారు కదండీ."

"ఉండేదాన్ని. రాజన్న మొహం చూడగలిగేదాన్ని కాదు," అన్నారు.

ఆ సంతకం ఎందుకు లేదని క్లయింటు ఆరా తీశాక, కంపైలర్ తయారుచేసినవాళ్ళు తప్పు ఒప్పుకుని సరిచేసి పంపారు. దుఖాన్‌లో ఎవరూ ఉరకాల్సిన అవసరం రాలేదు. మేనేజరు మాత్రం ఆ రెండోసారి పరీక్షను కంపెనీ సభలో తన ఆలోచనగా తెర మీద చూపించి, చప్పట్లు కొట్టించుకుని, శాలువా కప్పించుకున్నాడు. సరళగారి పేరు ఒక్కచోట కూడా లేదు. నేను ఆ హాల్లోంచి లేచి వచ్చేశాను.

ఇప్పుడు నా టీమ్‌లో పిల్లలు "అన్నీ పాస్ సర్" అంటూ వస్తే నా నోట ఒకే మాట వస్తుంది. "రెండోసారి నడిపారా?" కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ. ఆ ప్రశ్న నాది కాదు, కాకినాడ సరళగారిదని ప్రతిసారీ పేరుపెట్టి చెప్పి మరీ నడిపిస్తాను.