పైన ఆరు వరుసలు

కంప్యూటర్లో పెద్ద పట్టిక తెరిచి, కుడివైపుకి జరుపుకుంటూ పోయి, ఎడమపక్కనున్న పేర్లన్నీ కనపడకుండా పోయాక కూడా ధీమాగా అంకెలు కొట్టేవాళ్ళను చూస్తే నేను ఇప్పటికీ ఓర్చుకోలేను. ఆ గడి ఎవరిదో తెలియదు, ఏ తేదీదో తెలియదు, అయినా వేలు ఆగదు. మా ఇంట్లో ఎవరైనా అలా చేస్తుంటే వెళ్ళి చేతిలోంచి మౌసు లాక్కుంటాను. చాదస్తం అంటారు. అననీ.

మూడేళ్ళ కిందట కర్నూలుకి పడమటి వైపు ఒక మండలంలో, తాగునీటి ఆఫీసులో, ఒప్పందం మీద కంప్యూటర్ ఆపరేటరుగా చేశాను. ఇల్లు కల్లూరులో. పొద్దున్నే షేర్ ఆటోలో బస్టాండుకి, అక్కడినుంచి మంత్రాలయం పోయే బస్సులో భక్తుల సంచుల మధ్య ఒంటికాలి మీద ప్రయాణం. దిగి ఆఫీసులో అడుగు పెట్టగానే మొదట వాసన పలకరించేది. గోడ మూలలన్నీ గుట్కా ఉమ్ములు. మరుగుదొడ్డికి తాళం, ఆ తాళంచెవి ఇంజనీరు సారు జేబులో. తాళం తీసినా లోపల చుక్క నీళ్ళుండేవి కావు. మండలానికంతా నీళ్ళు పంచే ఆఫీసు అది! కీబోర్డు మీద ఎప్పుడో ఎవరో టీ ఒలకబోశారు. అంకెల్లో ‘1’ మీట జిగటగా అంటుకుపోయి, గట్టిగా పొడిస్తే గానీ దిగేది కాదు. స్పిరిట్ తెచ్చి తుడిచాను, పోలేదు.

ఎండాకాలం వస్తే మా పనంతా ఒక్క పట్టిక మీద నడిచేది. నలభైకి పైగా పల్లెల పేర్లు ఎడమపక్క ఒకదాని కింద ఒకటి. నెలలోని తేదీలు పైన అడ్డంగా. ఏ పల్లెకి ఏ రోజు ఎన్ని ట్యాంకర్లు పోవాలో ఆ గడిలో ఒక అంకె. రోజూ పొద్దున ఆ తేదీ కింద గడులు ఇంజనీరు సారే నింపేవాడు. మర్యాదకి సారు అంటున్నాను. వాటిని చూసి నేను డ్రైవర్లకు చీటీలు రాసేదాన్ని. చీటీలో ఉన్న ఊరికి ట్యాంకరు పోతుంది, లేని ఊరికి పోదు. అంతకన్నా చెప్పడానికేమీ లేదు.

నెల మొదట్లో బాగానే ఉండేది. పదిహేనో తేదీ దాటితే మాత్రం పట్టికను కుడికి జరపాలి, అప్పుడు ఊళ్ళ పేర్లు మాయం. కిందికి జరిపితే తేదీలు మాయం. దీనికి మందు లేక కాదు. ఫ్రీజ్ పేన్స్ అని ఒకటుంది. సరైన గడి మీద నిలబడి దాన్ని నొక్కితే పైన తేదీలు, పక్కన పేర్లు ఎక్కడివక్కడ నిలిచిపోతాయి. మిగతాదాన్ని ఎంత జరిపినా అవి కదలవు. నిమిషం కూడా పట్టదు. ఉద్యోగంలో చేరిన వారంలోనే నేను ఆ పని చేశాను.

చేశాక తెలిసింది ఆ పట్టిక నెత్తి మీద ఏముందో. తేదీల వరుసకు పైన ఇంకో ఆరు వరుసలు. మొదట ప్రభుత్వం, తర్వాత శాఖ, తర్వాత పథకం, తర్వాత ఆఫీసు, ఐదో వరుసలో సారు పేరు, ఆరో వరుసలో సారు చదివిన చదువులు, హోదా. అన్నీ లావు అక్షరాలు, గడులన్నీ కలిపేసి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సాగదీసినవి. తేదీలను నిలబెడితే వాటితోపాటు ఈ ఆరూ నిలబడ్డాయి. మాది పాత చిన్న తెర. సగానికి పైన సారే ఉన్నాడు, కింద ఐదారు ఊళ్ళకి మాత్రం చోటు మిగిలింది. పైగా పట్టికను కుడికి జరిపితే సాగదీసిన సారు పేరు మధ్యలో తెగింది.

"ఏమ్మా, ఇదేం చేసినావ్? నా పేరు సగానికి నరికేసినావు గదా!"

"ఊర్ల పేర్లు నిలబెట్టినా సార్. జరిపినప్పుడు ఏ ఊరో కనపడల్ల గదా."

"ఊర్లు నాకు తెల్దా? పదిహేనేండ్ల నుంచి ఈ ఊర్లే చూస్తాండా. తీసేయ్. పైనోళ్ళు తెరిచినప్పుడు పేరు తెగి కనపడితే ఏమనుకుంటారు?"

ఆ ఆరు వరుసల్నీ ఒక వరుస చేద్దామన్నాను. లేదంటే అన్నిటికన్నా కింద పెడదామన్నాను. కింద అన్న మాటకి ఆయన నన్ను చూసిన చూపు ఉందే, చెప్పు తీసి బల్లమీద పెట్టినా అలా చూసేవాడు కాదు. పేరు గొప్ప ఊరు దిబ్బ అని ఊరికే అన్నారా? నిలబెట్టిన పేర్లను మళ్ళీ వదిలేశాను. నోరు మూసుకుని నా కుర్చీలో కూర్చున్నాను.

ఆ నెల పద్దెనిమిదిన ఒక ఊళ్ళో పగిలిన పైపు బాగైంది, కొళాయిలు వచ్చాయి. ఇక దానికి ట్యాంకరు అక్కర్లేదు, ఆ గడిలో ఒకటి తీసేయాలి. సారు చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, పట్టికను కుడికి తోసి, పేర్లు లేని ఆ అంకెల గుంపులో ఒకదాన్ని చెరిపేశాడు. ఒక వరుస కిందిది చెరిపాడు. అది గుట్ట వారగా ముప్పై ఇళ్ళున్న ఒక కొట్టాల వరుస. వాళ్ళకి బావి ఉంది గానీ అందులో ఉప్పునీళ్ళు. మర్నాటి నుంచి రోజూ నిన్నటి గడుల్ని కాపీ చేసి ఈ రోజు కింద అతికించేవాడు, మళ్ళీ ఎవరు కొడతారని. తప్పు కూడా రోజూ అలాగే అతుక్కుంటూ పోయింది.

నాకు తెలియలేదని చెప్పుకుంటే సుఖంగా ఉండేది. రెండో రోజే ట్యాంకరు డ్రైవరు వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. నెమ్మదస్తుడైన ముస్లిం మనిషి, చెప్పాల్సింది ఒక్కసారే చెప్తాడు.

"అక్కా, ఆ ఊర్లో కొళాయిలు వస్తాండాయి. బిందె పట్టుకోని ఒక్కరు గూడా రాల్యా. బర్రెలు కడగనీకి తొట్లో పోయించుకున్యారు."

"చీటీలో ఉండేది పోసిరా భాయ్. మనకెందుకు?"

అన్నది నేనే. కమలాపురం దగ్గర పల్లెలో పుట్టి, బడికి పోయే ముందు బోరింగు కాడ బిందె వరుసలో పెట్టి గంటలు నిలబడినదాన్ని. వెనక్కి జరిపి ఊరి పేరు ఒక్కసారి చూస్తే సరిపోయేది. బద్ధకం. ఆ గోడ మూలల్లో ఉమ్మిన వాళ్ళకన్నా నేను ఎందులో మేలు? ఆ 'మనకెందుకు'ను తలుచుకుంటే నా నోరంటే నాకే రోత పుడుతుంది.

ఇరవై మూడో తేదీ పొద్దున పదకొండు గంటలప్పుడు ఒక అవ్వ వచ్చింది. బస్సు లేని దారిలో నడిచి వచ్చినట్టుంది, మోకాళ్ళ దాకా దుమ్ము. నేరుగా సారు దగ్గరికి పోయి ట్యాంకరు రావడం లేదని చెప్పింది. ఆయన ఫోనులోంచి తల ఎత్తకుండా "వస్తాది పో అవ్వా, అంతా కంప్యూటర్లో ఎక్కించినాం" అన్నాడు. అప్పుడు కంప్యూటరు ఎక్కడుందో చూసుకుని నా దగ్గరికి వచ్చింది.

"పాపా, ఐదు దినాలాయ మా కొట్టాలకు ట్యాంకరు రాక. మా కోడలు బాలింత. ఉప్పునీళ్ళు తాగి కడుపు పట్టుకోని పండుకోనుండాది. బిడ్డకు పాలు చాల్తాండ్ల్యా. మా ఊరు మీ దాంట్లో ఉండాదా, ల్యాదా? అది చెప్పు చాలు."

పేరు వెతికి చూపించాను. "ఇదో అవ్వా, ఉండాది."

"ఉంటే ఎన్ని రాసినారో చూపీ."

కుడికి జరిపాను. పేరు పోయింది. ఏ వరుసో నాకే తెలియలేదు. వెనక్కి వచ్చాను. పేరు వచ్చింది, అంకెలు పోయాయి. మళ్ళీ జరిపాను, మళ్ళీ వచ్చాను. అవ్వ కాసేపు చూసింది. అక్షరం ముక్క రాని మనిషి. నేను మూడోసారి వెనక్కి రాగానే, నేను చూపించిన పేరు మీద తన చూపుడు వేలు ఆనించింది.

"నేను పట్టుకోనుంటా. నువ్వు జరుపు."

"ఏయ్ అవ్వా, అద్దం మీద మరక పడతాది, చెయ్యి తీయ్!" అని అక్కడినుంచి సారు అరిచాడు. ఏళ్ళ తరబడి ఉమ్ముల మధ్య కూర్చున్న మనిషికి ఆ వేలి మరక కనపడింది!

అవ్వ తీయలేదు. నేను జరిపాను. పగుళ్ళలో మట్టి నిండిన ఆ వేలు కింద అంకెలు ఒక్కొక్కటే పోతున్నాయి. ఒకటి, ఒకటి, ఒకటి. తర్వాత ఖాళీ. వరుసగా ఐదు ఖాళీలు, ఆరోది ఆ రోజుది. వేలికి సరిగ్గా పైన, కొళాయిలున్న ఊరి వరుసలో మాత్రం ఒకట్లు తెగకుండా ఉన్నాయి.

"ఈడ ఏమీ ల్యాదే పాపా," అంది అవ్వ. అంకెలు రాకపోయినా ఖాళీ తెలుస్తుంది.

సారును పిలిచాను. వచ్చి చూశాడు. "ఓ, ఒక వరుస కిందికి పడినట్టుండాది. అంతే గదా," అన్నాడు. ఐదు రోజులు ముప్పై ఇళ్ళు గొంతు ఎండబెట్టుకుంటే ఆయనకది ఒక వరుస. అవ్వ ముందు ఒక్క మాట, తప్పైంది అని ఒక్క మాట రాలేదు. నా నోట్లోంచీ రాలేదు. డ్రైవరుకి ఫోను చేశాను. రెండు ట్రిప్పులకు చీటీ రాసి, మొదటి ట్రిప్పులోనే అవ్వను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని పొమ్మన్నాను. ఇంతవరకూ కథ మేలే.

ట్యాంకరు గేటు దాటగానే సారు నా వెనక వచ్చి నిలబడ్డాడు.

"ఆ ఐదు గడుల్లో ఒకటి ఒకటి పెట్టేయ్‌మ్మా. ఖాళీ కనపడితే పైనోళ్ళు అడుగుతారు. మళ్ళా నీకూ నాకూ తలనొప్పి. నీ ఒప్పందం గూడా వచ్చే నెలే గదా."

పెట్టాను. ఆ జిగట మీటను గట్టిగా పొడిచి పొడిచి ఐదుసార్లు కొట్టాను. ఒక్కో ఒకటి ఒక్కో రోజు. రాని ట్యాంకర్లను వచ్చినట్టు చేయడానికి నాకు పది క్షణాలు కూడా పట్టలేదు. వేలికి ఆ పాత టీ జిగురు అంటుకుంది. కొంగుకి తుడుచుకున్నాను, ఇంటికి పోయి సబ్బుతో కడిగాను, అన్నంలో చెయ్యి పెడితే మాత్రం అది అక్కడే ఉన్నట్టనిపించి ముద్ద దిగలేదు.

ఆ అసహ్యంలోంచే మర్నాడు ఒక పని చేశాను. పట్టికను పైకి తోసి, ఆ ఆరు వరుసలు తెర దాటి పోయి తేదీల వరుస అన్నిటికన్నా పైకి వచ్చాక, అప్పుడు పేర్లనూ తేదీలనూ నిలబెట్టాను. అలా చేస్తే పైకి పోయినవి ఇక కిందికి రావు. చెరిగిపోవు, కానీ ఎంత వెతికినా కనపడవు. సారు వచ్చి మౌసు చక్రాన్ని పైకి తిప్పాడు, ఇంకా తిప్పాడు, వేలు నొప్పి పుట్టేదాకా తిప్పాడు.

"నా పేరు యాడ పోయిందమ్మా?"

"ఏమో సార్, కంప్యూటరు పాతదైపాయ."

తరువాత రెండు మూడు రోజులు ఆయన ఆఫీసుకు రాగానే ముందు తన పేరు వెతుక్కోవడమే పని. మీ పేరు కోసం ఇంత తిప్పలు పడుతున్నారు, ఆ కొట్టాల పేరు కోసం ఒక్కసారి వెనక్కి జరిపారా అని మొహం మీద అడగాలనిపించేది. అడగలేదు. అది చూసి లోలోపల నవ్వుకున్నాను గానీ, పేర్లు నిలబెట్టినందుకు నన్ను నేను కొంచెం మెచ్చుకున్నాను కూడా. సిగ్గులేనితనం.

నెలాఖరులో అవ్వ మళ్ళీ వచ్చింది. ఈసారి సారు వైపు చూడనే లేదు. నా పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. కోడలు లేచి తిరుగుతోందట. బిడ్డకి పేరు పెడుతున్నారట, చుట్టాలొస్తారు, ఆ రోజుకి ఇంకో ట్యాంకరు కావాలట. చెప్తూనే తెర మీద తన ఊరి పేరు తానే గుర్తుపట్టి వేలు ఆనించింది.

"పట్టుకోనా పాపా?"

"వద్దులే అవ్వా. ఇప్పుడు అదే నిలబడతాది, చూడు," అన్నాను గర్వంగా. కుడికి జరిపాను. ఊరి పేరు కదలలేదు, పైన తేదీలు కదలలేదు. అవ్వకి భలే అనిపించినట్టుంది, వేలు తీయకుండా ఆ వరుస వెంట తానూ జరుపుతూ వచ్చింది. లోలోపల దినాలు లెక్కేసుకుంటున్నట్టుంది, పద్దెనిమిది దగ్గర వేలు ఆగింది. పంతొమ్మిది, ఇరవై, ఒక్కొక్క గడినీ తాకుకుంటూ ఇరవై రెండు దాకా పోయి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"ఆ పొద్దు ఈ ఐదూ బోడిగా ఉండె గదా?"

నేను మౌసు మీంచి చెయ్యి తీశాను.

"ఇప్పుడు నిండినాయే. అంటే ఆ దినాల్లో నీళ్ళు వచ్చినట్టా?"

బదులు కోసం నా మొహంలోకి చూసింది. కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడుగుతోంది. నేను చీటీ పుస్తకం దగ్గరికి లాక్కున్నాను. అదనంగా ఒక ట్యాంకరు అని రాశాను, పేరు పెట్టే రోజు తేదీ వేశాను, చింపి ఇచ్చాను. అవ్వ చీటీని రొండిన దోపుకుంది. లేవబోతూ ఆగి, పోయినసారి సారు అరిచింది గుర్తొచ్చిందేమో, ఆ ఐదు గడుల మీద పడిన తన వేలి మరకను కొంగుతో శుభ్రంగా తుడిచింది.

"మరి ఎవురు తాగినారు పాపా?" అంది.